కొంగపువ్వు ఆర్కిడ్ విత్తనాలు కొనకండి: రెండుసార్లు మోసపోయి చెబుతున్నాను

మిద్దెతోట పెంచుకునే అక్కచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ ఒక మనవి. "జపాన్ తెల్లకొంగ పువ్వు", "ఎగిరే కొంగ ఆర్కిడ్" అంటూ ఫోనులో ప్రకటన కనిపించి, విత్తనాల ప్యాకెట్ కొనాలని మీకు అనిపిస్తే దయచేసి ఆగండి. ఆ ప్యాకెట్‌లో ఉండేవి ఆర్కిడ్ విత్తనాలు కావు. నేను మొదటిసారి విత్తనాలకు 398 రూపాయలు, రెండోసారి దుంపలకు 1,450 రూపాయలు పోగొట్టుకున్నాను. డబ్బు సంగతి అలా ఉంచండి. రోజూ పొద్దున్నే లేచి వేరే ఏదో మొక్కకు నీళ్లు పోస్తూ, అదే నా కొంగపువ్వని నెలల తరబడి నమ్మాను. ఆ బాధ ఇంకొకరు పడకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

కిందటి ఏడాది జూలైలో మా అమ్మాయి దగ్గరికి టోక్యో వెళ్లాం. వాళ్లు సెతగయ వార్డులో ఉంటారు. ఆ వార్డు అధికారిక పుష్పం ఈ కొంగపువ్వే. జపాన్ భాషలో దీన్ని సగిసో అంటారు. సగి అంటే కొంగ, సో అంటే మొక్క. జూలైలో అక్కడ మిణుగురుల పండుగతో పాటు సగిసో సంత కూడా జరుగుతుంది. చిన్న చిన్న కుండీలు, తడి నాచు, అందులోంచి గడ్డిపోచల్లాంటి ఆకులు, జానెడు కాడ, కాడ చివర పువ్వు. పువ్వు వెడల్పు మూడు సెంటీమీటర్లకు మించదు. కింది రేకు రెండు పక్కలకూ విచ్చుకుని, అంచులు దారాలు దారాలుగా చీలి ఉంటుంది. అచ్చం రెక్కలు చాపి వాలబోతున్న కొంగ. వెనక వైపు సన్నని గొట్టం ఒకటి వేలాడుతుంది, తేనె దాని అడుగున ఉంటుంది. పొడవాటి నాలుక ఉన్న చిమ్మటలు దానికోసం చీకటి పడ్డాక వస్తాయట. నేను ఆ కుండీ ముందు కూర్చుండిపోయాను. మావారు రెండుసార్లు పిలిస్తే కానీ లేవలేదు.

అక్కడివాళ్లకు దీని వెనక ఒక కథ ఉంది. తొకివ అనే యువరాణి మీద చాడీలు చెప్పి, భర్త మనసు విరిచేస్తారు. ఆమె తన గోడు ఉత్తరంగా రాసి, కొంగ కాలికి కట్టి పుట్టింటికి పంపుతుంది. దారిలో ఆ కొంగ బాణం దెబ్బకు కూలిపోతుంది. అది పడిన చోట ఈ పువ్వు పూసిందంటారు. చిత్తడి నేలలు తగ్గిపోయి, జనం తవ్వుకుపోయి, ఇప్పుడు జపాన్‌లో సహజంగా పెరిగే చోట్ల ఇది ముప్పు అంచుకు చేరింది. సంతలో అమ్మేవి పెంపకందారులు దుంపల నుంచి పెంచినవి.

అమ్మాయి ఒక కుండీ కొనిస్తానంది. నేనే వద్దన్నాను. ఆర్కిడ్ జాతులన్నీ అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం కిందికి వస్తాయి. మన దేశంలోకి మొక్కలు తేవాలంటే ముందుగా దిగుమతి అనుమతి, అటువైపు నుంచి తెగుళ్లు లేవనే ధ్రువపత్రం కావాలి. పెట్టెలో దాచి తెచ్చే పని నాకు నచ్చదు. మనసులో మాత్రం ఆ పువ్వు మిగిలిపోయింది. హైదరాబాదు వచ్చిన పది రోజులకు ఫోనులో ప్రకటన: ప్యాకెట్ 199 రూపాయలు, వంద విత్తనాలు, "మన వాతావరణంలో వంద శాతం మొలకలు". తెల్లవే కాదు, నీలం, ఎరుపు కొంగలు కూడా ఉన్నాయి. అక్కడే నాకు అనుమానం రావాల్సింది, ఎందుకంటే సగిసో తెలుపే. ఆకుల అంచు రంగులో తేడా ఉన్న రకాలున్నాయి కానీ నీలం పువ్వు లేదు, ఎర్ర పువ్వూ లేదు. తెల్లదని రాసిన ప్యాకెట్లు రెండు తెప్పించాను.

గింజలు గసగసాలంత ఉన్నాయి, నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తూ. కొబ్బరిపొట్టు నింపిన ట్రేలో చల్లి పైన పల్చని గుడ్డ కప్పాను. ప్యాకెట్‌తో వచ్చిన కాగితంలో 21 నుంచి 45 రోజుల్లో మొలుస్తాయని ఉంది. నాలుగో రోజుకే ఎర్రటి కాడలతో మొలకలు వచ్చేశాయి. ఎంత సంతోషించానో! ఫోటో తీసి అమ్మాయికి పంపాను. ప్రతి మొలకకూ ఎదురెదురుగా రెండు చిన్న ఆకులు. మూడు వారాలకు ఆకులు వెడల్పై, వాటి మీద ఈనెలు తేరాయి. ఒకరోజు మా అత్తగారు మేడ మీదికి వచ్చి, ఒక ఆకు తుంచి వేళ్ల మధ్య నలిపి, "తోటకూర ఇంత చిక్కగా చల్లావేమిటమ్మా" అన్నారు.

అది నిజంగా తోటకూరే.

అప్పుడు కానీ నేను పుస్తకాలు తిరగేయలేదు. ఆర్కిడ్ విత్తనం ధూళిలా ఉంటుంది, పొడవు సాధారణంగా మిల్లీమీటరు లోపే. చేతిలో పోసుకుని ఊదితే లేచిపోతుంది. కందిగింజలోనో వడ్లగింజలోనో ఉన్నట్టు మొలకకు కావాల్సిన ఆహారం అందులో నిల్వ ఉండదు. నేలలోని ఒక రకం శిలీంధ్రం దానిలోకి చొరబడి ఆహారం అందిస్తేనే అది మొలుస్తుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త నోయెల్ బెర్నార్ 1899లో ఈ సంగతి కనిపెట్టాడు. శిలీంధ్రం లేకుండా, చక్కెర కలిపిన జిగురు మాధ్యమం మీద మొలిపించవచ్చని 1922లో అమెరికా శాస్త్రవేత్త లూయిస్ నడ్సన్ చూపించాడు. అదంతా క్రిములు లేని గాజు సీసాల్లో, ప్రయోగశాలలో జరిగే పని. మొలిచినప్పుడు కూడా రెండు ఆకులు రావు, ముందు చిన్న ముద్దలాంటిది ఏర్పడి దాని నుంచి మొక్క తయారవుతుంది. కాబట్టి "ఆర్కిడ్ విత్తనాలు, మట్టిలో చల్లండి" అని ఎవరు అమ్మినా, ఏ రకం పేరు చెప్పినా, అది అబద్ధమే. మీ ట్రేలో రెండాకుల మొలక కనిపించిందంటే అది ఆర్కిడ్ కాదు. ఇంకేమీ గుర్తుంచుకోకపోయినా ఇది గుర్తుంచుకోండి.

ఈ మోసం ఎలా నడుస్తుందో కూడా చెప్పాలి. వాపసు గడువు ఏడు రోజులు, మొలకకు వాళ్లే చెప్పిన గడువు 21 రోజులు. మోసం మనకు తెలిసేసరికి వాపసు మీట మాయమవుతుంది. ఫిర్యాదు చేస్తే "నీళ్లు ఎక్కువ పోశారు, మొలకకు హామీ లేదు" అన్నారు. మొలకలు రాలేదని కాదు, తోటకూర వచ్చిందని ఫోటోలు పెట్టాను. జవాబు లేదు.

అమ్మాయికి ఫోను చేసి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అమ్మా, సగి అనే మాటకు ఇక్కడ మోసం అనే అర్థం కూడా ఉంది. రాస్తే వేరు, వింటే దాదాపు ఒకటే" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయినా ఆశ చావలేదు. విత్తనం పనికిరాదు, దుంప కావాలని తెలిసింది కదా అని జనవరిలో దుంపల కోసం వెతికాను. ఒకతను ఆరు దుంపలు 1,450 రూపాయలన్నాడు. షాపింగ్ యాప్‌లో కాదు, నేరుగా ఫోనుకే డబ్బు పంపమన్నాడు. పంపాను. వచ్చినవి గోధుమరంగు పొట్టుతో, చిన్న ఉల్లిపాయల్లా ఉన్నాయి. ఒకదాన్ని చాకుతో నిలువుగా కోసి చూశాను. పొరలు పొరలుగా విడిపోయింది. సగిసో దుంప బఠాణీగింజంత ఉంటుంది, పాలిపోయిన తెలుపు, లోపల పొరలు లేని గట్టి ముద్ద, ఒక కొసన మొలక మొన. తేడా కళ్ల ముందే ఉన్నా, ఒకవేళ ఇది వేరే రకమేమో అనుకుని మిగిలిన ఐదూ నాటాను. జూన్‌లో తొలకరి పడిన నాలుగో రోజున ఐదింటికీ గులాబి రంగు పూలు విచ్చుకున్నాయి. ఏ నర్సరీలోనైనా చవగ్గా దొరికే రెయిన్ లిల్లీ. అతని నంబరు అప్పటికే పనిచేయడం లేదు.

ఒకవేళ అసలైన దుంపే దొరికినా మన ఊళ్లో దాన్ని ఎలా పెంచాలో ఈ అమ్మకందార్లెవరూ చెప్పరు. సెతగయ సంతలో ఒక పెద్దాయన మా అమ్మాయి ద్వారా నాకు ఓపిగ్గా చెప్పిన మాటలివి. మామూలు తోటమట్టి, పశువుల ఎరువు దీనికి పనికిరావు. స్ఫాగ్నమ్ నాచులాంటి ఆమ్ల గుణం ఉన్న, సారం తక్కువ మాధ్యమం కావాలి. మొక్క ఎదిగే రోజుల్లో కుండీ ఎప్పుడూ తడిగా ఉండాలి, కానీ ఆ నీళ్లలో లవణాలు ఉండకూడదు. అంటే మన బోరునీళ్లు పోస్తే చచ్చిపోతుంది. వాననీళ్లో ఆర్‌ఓ నీళ్లో పోయాలి. శీతాకాలంలో ఆకులన్నీ ఎండిపోయి మొక్క చచ్చినట్టే కనిపిస్తుంది, ప్రాణం మాత్రం నాచు కింద కొత్త దుంపల్లో ఉంటుంది. ఒక మొక్క ఏడాదికి రెండు మూడు దుంపలు పెడుతుంది. తెలియనివాళ్లు ఆ దశలోనే కుండీ పారబోస్తారట. ఆ నిద్రకు గట్టి చలి కావాలి. హైదరాబాదు డిసెంబరు చలి దానికి చాలదు, దుంపలను తడి నాచులో చుట్టి మూడు నెలలు ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచాల్సిందే. ఆపైన ఏప్రిల్, మే ఎండలు. "మన వాతావరణంలో వంద శాతం" అన్న మాట ఎంత పచ్చి అబద్ధమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకొకటి, ఇది అన్నింటికంటే ముఖ్యం. నేను ఆర్కిడ్ల కోసం వెతుకుతున్నానని తెలిసి ఇంకొకరు సందేశం పెట్టారు: కేరళ అడవుల నుంచి తవ్వి తెచ్చిన చెప్పు ఆర్కిడ్ (పువ్వు చెప్పు ముందుభాగంలా ఉంటుంది), 3,000 రూపాయలు. ఫోటోలో పసుపుపచ్చ పువ్వు, వేళ్లకు అంటుకున్న అడవి మట్టి. దక్షిణ భారతంలో సహజంగా పెరిగే ఒకే ఒక్క చెప్పు ఆర్కిడ్ అది, ఆవాసం అగస్త్యమలై కొండలు. సేకరించేవాళ్లు తవ్వి తవ్వి దాదాపు తుడిచిపెట్టేశారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి రక్షణ ఉంది, కొన్నవాళ్లూ నేరస్థులవుతారు. దయచేసి అటువంటివాటి ధర కూడా అడగకండి. అడిగితేనే ఇంకో మొక్కను తవ్వుతారు.

నా ఫిర్యాదుల సంగతి. 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి, విత్తనాల గురించి ఫిర్యాదు చేశాను. ప్యాకెట్ విప్పినప్పటి ఫోటోలు, మొలకల ఫోటోలు తేదీలతో సహా దాచుకోవడం మేలు చేసింది, 398 రూపాయలు వెనక్కి వచ్చాయి. ఆన్‌లైన్ అంగళ్లకు ఫిర్యాదుల అధికారి ఉండాలనీ, 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలనీ, నెలలో పరిష్కరించాలనీ 2020 నిబంధనలు చెబుతున్నాయి. ఆ మాట రాతపూర్వకంగా పెట్టాకే వాళ్లు కదిలారు. దుంపల డబ్బు మాత్రం పోయింది. నేరుగా పంపిన డబ్బు కాబట్టి వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాల్సింది, నేను జూన్ దాకా ఆగాను. మీరు ఆగకండి. తెలియని గింజలు మిగిలితే మట్టిలో పారేయకండి. 2020లో ఎవరూ అడగకుండానే విదేశాల నుంచి విత్తనాల పొట్లాలు వచ్చినప్పుడు కేంద్ర వ్యవసాయ శాఖ కూడా రాష్ట్రాలను హెచ్చరించింది. నా దగ్గర మిగిలిన అర ప్యాకెట్ సీసాలో మూతపెట్టి సాక్ష్యంగా ఉంచాను.

నిన్న రాత్రి అదే ప్రకటన వేరే అంగడి పేరుతో మళ్లీ కనిపించింది. ఇప్పుడు ధర 249. మీకు కనిపిస్తే ఇలా గుర్తుపట్టండి: తెల్ల పువ్వు ఫోటోలో ఎడమ రెక్క కొసన ఒక నీటిబొట్టు ఉంటుంది. నీలం పువ్వు, ఎర్ర పువ్వు ఫోటోలు కూడా పెద్దవి చేసి చూడండి. అదే రెక్క, అదే కొస, అదే బొట్టు.