డి.మిన్. ప్రాజెక్టుకు ఏది మేలు: సర్వేనా, పాఠాలా, సంఘంతో కలిసి చేసే పనా?

ఆదివారం ఆరాధనలో కీర్తన నంబరు చెప్పగానే మా సంఘంలో ముందు వరుసల్లో పుస్తకాలు తెరుచుకుంటాయి. వెనక వరుసల్లో తెరుచుకోవు. అక్కడ కూర్చునేది మా పిల్లలే. అమ్మతో తెలుగులోనే పోట్లాడతారు, చదవడం మాత్రం రాదు. 2018లో తెలంగాణలో బడులన్నిటా తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది కానీ, వీళ్లలో చాలామంది అప్పటికే బడి దాటేశారు. కన్ఫర్మేషన్ (విశ్వాసాన్ని ఒప్పుకుని సంఘంలో పూర్తి సభ్యులయ్యే ఆచారం) అయిన రెండు మూడేళ్లకు ఒక్కొక్కరే కనబడకుండా పోతున్నారు. సికింద్రాబాద్ వైపు ఉన్న మా సంఘంలో ఈ సమస్య మీదే నేను డి.మిన్. (డాక్టర్ ఆఫ్ మినిస్ట్రీ, సేవలో ఉన్న పాస్టర్లు చేసే డిగ్రీ) ప్రాజెక్టు చేశాను. ఇప్పుడు ప్రపోజల్ రాస్తున్న పాస్టర్లు ఏ పద్ధతి మంచిదని అడుగుతున్నారు కాబట్టి, నేను చూసింది చెబుతాను.

ముందు ఒక మాట. డి.మిన్. అంటే పీహెచ్‌డీకి తమ్ముడు కాదు. పీహెచ్‌డీ విద్యాలోకానికి కొత్త జ్ఞానం చేర్చాలి. డి.మిన్. మనం సేవ చేస్తున్న చోట ఆ సేవ మెరుగుపడేలా చేయాలి. అందుకే పద్ధతి ఎంచుకునేటప్పుడు, ఈ ప్రాజెక్టు అయ్యాక సంఘం చేతిలో ఏం మిగులుతుందని అడగాలి.

నా మొదటి ప్రపోజల్ సర్వేనే. ఆరాధన అయ్యాక ప్రశ్నల కాగితాలు పంచాను. కళ్లు సరిగా కనబడని ఒక అమ్మమ్మగారు మనవడి చేత నింపిస్తున్నారు. ‘బైబిలు వాక్యం ఎంత తరచుగా చదువుతారు?’ అని వాడు చదివాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, “రోజూ అని పెట్టు నాన్నా, అయ్యగారు చూస్తారు” అన్నారు. నేను వెనకే నిలబడి ఉన్నాను. ఆవిడది అబద్ధమని నేను అనను. ప్రేమతో, గౌరవంతో చెప్పిన జవాబు అది. కాపరి, అంటే పాస్టరు, అడిగితే సంఘం కాపరి సంతోషించే జవాబే ఇస్తుంది. కాగితం మీద పేరు రాయకపోయినా అంతే, చేతిరాత అందరికీ తెలుసు. ఇంకో చిక్కు కూడా ఉంది. సంఘం వదిలి వెళ్లినవాళ్ల గురించి నేను అడుగుతున్నాను, కాగితాలు మాత్రం వచ్చినవాళ్ల చేతుల్లో పెట్టాను.

లెక్కలు కావాలంటే సర్వే కంటే మన రిజిస్టర్లు నయం. కన్ఫర్మేషన్ రిజిస్టరు పక్కన ప్రభు భోజనానికి వచ్చినవాళ్ల లెక్క, యూత్ హాజరు పెట్టి చూస్తే ఎవరు ఏ ఏడాది జారిపోయారో తెలుస్తుంది. ఎవరినీ మెప్పించాలని రాసినవి కావు కాబట్టి ఆ పుస్తకాలను నమ్మవచ్చు.

రెండోది పాఠాల పద్ధతి. ఆరు వారాలో ఎనిమిది వారాలో బోధించి, ముందొక పరీక్ష, తర్వాతొక పరీక్ష పెట్టి తేడా చూపించడం. గడువు తెలుస్తుంది, పట్టికలు వస్తాయి, గైడ్ త్వరగా ఒప్పుకుంటారు. పెళ్లికి ముందు కౌన్సెలింగ్, కొత్త పెద్దలకు శిక్షణ లాంటి వాటికి ఇదే సరైన దారి, ఎందుకంటే అక్కడ నిజంగానే తెలియనితనం ఉంది. మా సమస్యకు మాత్రం ఇది కుదరదు. శనివారం సాయంత్రం పాఠానికి వచ్చేది ఎప్పుడూ వచ్చే పదిహేను మందే. గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు చేసి పొద్దున పడుకునే పిల్లాడు రాడు. పైగా మనం చెప్పిందే పరీక్షలో అడుగుతాం, మార్కులు పెరగక ఏం చేస్తాయి?

మూడోది యాక్షన్ రీసెర్చ్. మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ 1946లో రాసిన వ్యాసంతో ఈ మాట స్థిరపడింది. ఆలోచించి, చేసి, ఫలితం చూసి, మళ్లీ ఆలోచించి చేయడం దీని వరస. పరిశోధకుడు బయట నిలబడి కొలవడు, సమస్యలో ఉన్నవాళ్లే ప్రశ్న వేస్తారు. మనకు ఇదేమీ వింత కాదు. బైబిల్లో అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో వచ్చిన గొడవ కూడా భాషల మధ్య గొడవే. గ్రీకు మాట్లాడే విధవరాండ్రను అనుదిన పరిచర్యలో పట్టించుకోలేదని సణుగు పుట్టింది. అపొస్తలులు సంఘాన్ని పిలిచి, ఏడుగురిని మీరే ఎంచుకోండన్నారు. స్తెఫను నుంచి నీకొలాసు దాకా ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్లవైపు వాళ్ల చేతికే పని వెళ్లింది.

నేనూ ఏడుగురిని కూర్చోబెట్టాను. ఇద్దరు పెద్దలు, స్త్రీల సమాజం నుంచి ఒకరు, యూత్ ముగ్గురు, రావడం మానేసిన అబ్బాయి ఒకడు. సెల్‌ఫోన్ల వల్ల పిల్లలు చల్లబడ్డారని నా నమ్మకం, ప్రపోజల్‌లో అదే రాశాను. మొదటి కూడికలోనే ఒక అమ్మాయి, “పాట పాడేటప్పుడు పెదాలు కదుపుతానంతే అయ్యగారూ. వాక్యం చదవమని పిలుస్తారేమోనని వెనక కూర్చుంటాను” అంది. అది చల్లబడటం కాదు, సిగ్గు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ అమ్మాయికి కన్ఫర్మేషన్ క్లాసులు చెప్పింది నేనే, ఒక్కసారీ గమనించలేదు.

కీర్తనలను ఇంగ్లీషు అక్షరాల్లో తెర మీద వేయడం మా మొదటి ప్రయత్నం. పెద్దలు బాధపడ్డారు, వాళ్ల బాధా న్యాయమైనదే. రెండో విడతలో ఆదివారం చదవాల్సిన భాగాన్ని బుధవారమే ఇచ్చి, స్త్రీల సమాజంలో ఒకరి పక్కన కూర్చుని చదువుకునేలా ఏర్పాటు చేశాం. ఇది నిలిచింది. అందరూ తిరిగి రాలేదు. రావడం మానేసిన ఆ అబ్బాయి వస్తున్నాడు, అప్పుడప్పుడు.

ఈ పద్ధతి ఖరీదు కూడా తెలుసుకోండి. పాఠాలు మూడు నెలల్లో ముగుస్తాయి, దీనికి ఏడాది చాలదు. బదిలీ దగ్గర్లో ఉంటే రెండో విడత సగంలో తెగిపోతుంది, అలాంటప్పుడు నేనైతే పాఠాలే ఎంచుకోమంటాను. సంఘంలో అందరూ చుట్టాలే కాబట్టి, థీసిస్‌లో పేరు మార్చి రాసినా ఎవరో తెలిసిపోతుంది. రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడంతో ఆగకుండా, వాళ్ల మాటలు రాసిన పేజీని వాళ్లకే చూపించండి. కూడికలకు పాస్టరు అధ్యక్షత వహించకూడదు. నేను రెండో కూడిక నుంచి మూల కుర్చీలోకి మారాను, అప్పుడే మాటలు పెరిగాయి.

కాపరికి చెప్పుకోలేని విషయం సమస్యలో దాగి ఉందనిపిస్తే మూడో దారే పట్టండి. లెక్కలకు రిజిస్టర్లు వాడుకోండి, ఆ ఏడుగురూ అడిగితేనే పాఠాలు పెట్టండి. ప్రపోజల్ గైడ్‌కు పంపేముందు సమస్యను ఒక్క వాక్యంలో రాసి, సంఘానికి రావడం మానేసిన ఒకరి ఇంటికి వెళ్లి చదివి వినిపించండి. “అది కాదు అయ్యగారూ” అంటే, అక్కడే కూర్చుని ఆ వాక్యాన్ని మళ్లీ రాయండి.