కొక్కెం పట్టుకునే పద్ధతి అది కాదు

మాది కాకినాడ. మా నాన్న ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఐసు దిమ్మల్ని కొక్కేలతో ఈడ్చడం చూస్తూ పెరిగినదాన్ని. అందుకే కొక్కెంతో చంపేవాడి సినిమా అనగానే ముందు నవ్వొచ్చింది. అరగంటకి ఆ నవ్వు ఎటు పోయిందో తెలీదు.

‘ఐ నో వాట్ యు డిడ్ లాస్ట్ సమ్మర్’ 1997 నాటిది. అమెరికాలో నార్త్ కరోలినా తీరం, సౌత్‌పోర్ట్ అనే చేపలరేవు. జులై 4 రాత్రి జూలీ, హెలెన్, వాళ్ల బాయ్‌ఫ్రెండ్లు ఇద్దరూ, మొత్తం నలుగురు, కారుతో ఒకణ్ణి గుద్దేస్తారు. పోలీసులకి చెప్తే బతుకులు పాడైపోతాయని శవాన్ని నీళ్లలో పడేయబోతే, ఆ శవం కదిలి హెలెన్ అందాలపోటీ కిరీటం లాక్కుంటుంది. అయినా తోసేస్తారు. ఏడాది తిరిగాక జూలీకి ఊరూ పేరూ లేని ఉత్తరం వస్తుంది.

నాకు అసలు భయం వేసింది అక్కడే, కొక్కెం దగ్గర కాదు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేని ఆ నలుగురిని చూసి. న్యూయార్క్‌లో నటి అవుతానన్న హెలెన్ మళ్లీ వచ్చి నాన్న షాపులోనే అమ్మకాలు చేస్తుంటుంది. సారా మిషెల్ గెల్లర్ ఎంత బాగా చేసిందో. ఆ కొక్కెం వాడు తరుముతుంటే షాపు అద్దాల తలుపు బాదుతుంది, లోపల అక్క తాళాలు పట్టుకుని తాపీగా వస్తుంటుంది. చివరికి సందులోంచి పరిగెత్తి, నాలుగడుగుల్లో ఊరేగింపు, జనం, బ్యాండు మోత. ఒక్కసారి వెనక్కి తిరుగుతుంది. అంతే. ఆ మోతలో ఆమె కేక ఎవరికీ వినపడదు.

ఇక పీతల సంగతి. కారు డిక్కీలో శవం, దాని మీద గుంపుగా బతికున్న పీతలు. జూలీ మిగతావాళ్లని పిలుచుకొచ్చేసరికి అంతా మాయం, తడి మరక కూడా లేదు! పీతల బుట్ట ఒక్కసారి ఆటోలో పెట్టి చూడండి, వారం దాకా నీచువాసన వదలదు.

అన్నిటికన్నా ఒళ్లు మండింది అసలు రహస్యం బయటపడ్డప్పుడు. వీళ్లు కారుతో గుద్దింది అప్పుడే ఒకణ్ణి చంపి వస్తున్నవాణ్ణట. దాంతో పిల్లల పాపం సగం కరిగిపోయింది. మూలం లోయిస్ డంకన్ 1973లో రాసిన నవల. అందులో చచ్చిపోయేది సైకిల్ మీద వెళ్తున్న చిన్న పిల్లాడు. ఆ బరువుని సినిమా ఎందుకు మోయలేకపోయిందో!

చివర్లో పడవ అడుగున, ఐసులో కప్పిన శవాలు. ఆ కొక్కెం సీను దగ్గర ఆపి ఫోన్ నాన్నకి చూపించా. కళ్లజోడు పెట్టుకుని చూసి, ‘‘కొక్కెం అలా పట్టుకోరే, మణికట్టు బెణుకుద్ది’’ అన్నాడు.