లాభం ఉంది, డబ్బేది?

మా కుర్చీల తయారీ యూనిట్‌కి ఏడాదిగా ఒక అకౌంటెంట్ దగ్గర నెలవారీ లెక్కల విశ్లేషణ చేయించుకుంటున్నాను. పుస్తకాల్లో లాభమే, జీతాల రోజు మాత్రం టెన్షన్. ఆవిడ ముందు రావాల్సిన బాకీలు చూశారు. వాటిని ఏడాది అరువు అమ్మకాలతో భాగించి 365తో హెచ్చవేస్తే 73 రోజులు తేలింది, అంటే అమ్మిన సరుకు డబ్బు చేతికి రావడానికి సగటున అన్ని రోజులు పడుతోంది. కలపకు మేం 30 రోజుల్లోనే కడుతున్నాం. సరుకు నిల్వలో ఇరుక్కున్నది కాక, ఆ 43 రోజులూ మా డబ్బే బయట!

మడత కుర్చీ సంగతి నాకు ఇంకా నచ్చింది. అద్దెలో వాటా వేస్తే నష్టమని ఆపేద్దామనుకున్నాను. 100కి అమ్మితే కలప, కూలి పోను 30 మిగులుతోంది. ఆపేస్తే షెడ్డు అద్దె తగ్గదు, ఆ 30 పోతుంది అన్నారు. ఆపలేదు.

రిపోర్టు ఒక్కోసారి 10వ తారీఖు దాటి వస్తుంది, అది మారాలి. బాకీదారులకు ఇప్పుడు వారం వారం నేనే ఫోన్ చేస్తున్నాను.