టీఎల్‌సీ–సెర్స్, హెచ్‌పీఎల్‌సీ–సెర్స్: ఏది మేలు?

ప్రాజెక్టులు మొదలయ్యే రోజుల్లో పదే పదే వచ్చే ప్రశ్న ఇది: మూలికల పొడుల్లో స్టెరాయిడ్లో, సిల్డెనాఫిలో (వయాగ్రాలోని మందు) కలిపారేమో చూడాలి, ల్యాబ్‌లో రామన్ (లేజర్ కాంతి చెదిరే తీరును బట్టి అణువును గుర్తుపట్టే పరికరం) ఉంది, దాన్ని టీఎల్‌సీతో (పలుచని పూత ఉన్న ప్లేటు మీద పదార్థాలను మచ్చలుగా విడగొట్టే పద్ధతి) కలపాలా, హెచ్‌పీఎల్‌సీతోనా (కాలమ్ అనే గొట్టం గుండా ద్రవాన్ని ఒత్తిడితో పంపి విడగొట్టేది)? వెండి నానోకణాల సాయంతో రామన్ సిగ్నల్‌ను పెంచడాన్నే ఇక్కడ సెర్స్ అంటున్నాను.

వేరుచేయడంలో హెచ్‌పీఎల్‌సీదే పైచేయి, అందులో వాదన లేదు. టీఎల్‌సీలో ఒకే మచ్చగా కనిపించేవి చాలాసార్లు కాలమ్‌లో విడిపోతాయి. కానీ నా దృష్టిలో అసలు విషయం ఆ తర్వాత వెండి దగ్గర ఏం జరుగుతుందన్నది. సెర్స్‌లో సిగ్నల్ బాగా పెరగాలంటే అణువు వెండి నానోకణాన్ని అంటుకోవాలి కదా. కాలమ్ నుంచి వచ్చే ధారను నేరుగా వెండి మీదికి పంపితే మన అణువు కొంచెమే, ఎసిటోనైట్రైల్ (కాలమ్‌లో పారే సాల్వెంట్) బోలెడు, 2250 cm⁻¹ దగ్గర దాని పీక్ ఎప్పుడూ ఉంటుంది, బఫర్ లవణాలేమో కొల్లాయిడ్‌ను (నీటిలో తేలే వెండి నానోకణాలను) గడ్డకట్టిస్తాయి. అన్నిటికంటే పెద్ద తలనొప్పి, కాలమ్ నుంచి ముందు పీక్‌గా వచ్చిన అణువు వెండిని పట్టుకుని వదలకపోవడం. కొల్లాయిడ్‌ను ధారలోనే కలిపితే కొంత నయమే గానీ ఫ్లో సెల్ గోడలకు వెండి పేరుకుంటుంది. వచ్చిన స్పెక్ట్రమ్ కాలమ్‌లోని ఏ పీక్‌దో చెప్పలేనప్పుడు అంత చక్కగా వేరుచేసి ఏం లాభం?

టీఎల్‌సీలో ఈ గొడవ చాలావరకు ఉండదు. ప్లేటు ఆరితే సాల్వెంట్ పోతుంది. 254 నానోమీటర్ల యూవీ ల్యాంప్ కింద మచ్చ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, దాని మీద ఒకటి రెండు మైక్రోలీటర్ల సిల్వర్ కొల్లాయిడ్ వేసి లేజర్ పెట్టడమే, ప్రతి మచ్చకూ కొత్త వెండి. లేజర్ మాత్రం 785 నానోమీటర్లది తీసుకోండి, 532తో మొక్కల రంగుల ఫ్లోరసెన్స్ (లేజర్ పడితే వాటి నుంచి వెలిగే కాంతి) స్పెక్ట్రమ్ మొత్తాన్ని ముంచేస్తుంది.

ఎంత కలిపారో కచ్చితంగా చెప్పాలంటే మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, ఒకే మచ్చలో లేజర్‌ను అటూ ఇటూ జరిపినా పీక్ ఎత్తు మారిపోతుంది. సిల్డెనాఫిల్‌లో ఒక ఆక్సిజన్ బదులు సల్ఫర్ పెట్టిన థయోసిల్డెనాఫిల్ లాంటివి తగిలినప్పుడూ అంతే, అనుమానం వచ్చిన మచ్చను గీకి ఎల్‌సీ–ఎంఎస్ (విడగొట్టి, అణువు ద్రవ్యరాశిని కొలిచే పరికరం) ఉన్న చోటికి పంపాల్సిందే.

లేజర్ ఫ్లోరసెన్స్ గురించీ అడుగుతున్నారు. సెన్సిటివిటీ అద్భుతం, డీఎన్ఏ సీక్వెన్సింగ్‌లో క్యాపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్‌తో (సన్నని గొట్టంలో విద్యుత్తుతో విడగొట్టే పద్ధతి) కలిపి వాడేది అదే, కానీ అణువు తనంతట తాను వెలగకపోతే దానికి వెలిగే రంగు తగిలించాలి, పైగా అది ఏ అణువో చెప్పదు. ఈ పనికి వద్దు.

టీఎల్‌సీతో మొదలుపెట్టేవాళ్లు ప్లేటు మీద మచ్చ లేని చోట కూడా ఒక కొల్లాయిడ్ చుక్క వేసి ముందు ఆ స్పెక్ట్రమ్ తీసుకోండి. కొల్లాయిడ్‌లోని సిట్రేట్ (వెండి కణాల తయారీలో వాడే రసాయనం) పీకులు ఏవో దాంట్లోనే తెలిసిపోతాయి.