ఆర్మ్64 బిల్డ్ సర్వీసు కొంటున్నారా? వెనకాల ఏ మెషిన్ ఉందో ముందు అడగండి

నిమిషాల లెక్కన బిల్లు వేసే కంటైనర్ బిల్డ్ సర్వీసు (మీ ప్రోగ్రామ్‌ను నడిపేందుకు సిద్ధమైన ప్యాకేజీగా, అంటే ఇమేజ్‌గా, కట్టి ఇచ్చేది) ఏది తీసుకుంటున్నా, డబ్బు కట్టేముందు కాస్త ఆగండి. ప్లాన్‌లో "మల్టీ ప్లాట్‌ఫామ్: ఏఎండీ64, ఆర్మ్64" అని (అంటే ఎక్స్86, ఆర్మ్ అనే రెండు రకాల ప్రాసెసర్లకూ కడతామని) రాసినంత మాత్రాన అక్కడ ఆర్మ్ మెషిన్ ఉందనుకోవద్దు. ఉన్నది మామూలు ఎక్స్86 మెషిన్ ఒక్కటే అయి, దాని మీద క్యూఎము అనే ఎమ్యులేటర్ (ఒక ప్రాసెసర్ మీద మరోదాన్ని అనుకరించే ప్రోగ్రామ్) ఆర్మ్ సూచనలను తర్జుమా చేస్తూ ఉండొచ్చు. ఇమేజ్ సరిగానే వస్తుంది కాబట్టి అబద్ధం చెప్పారనీ అనలేం. దెబ్బ తగిలేది బిల్లులో.

డౌన్‌లోడ్, కాపీ లాంటి స్టెప్పుల్లో తేడా అంతగా తెలీదు. సీ++ కంపైల్, వీల్ (ముందే కట్టి ఉంచిన ప్యాకేజీ) దొరక్క సోర్సు నుంచి కట్టే పైథాన్ ప్యాకేజీలు, ఎన్‌పీఎం నేటివ్ మాడ్యూళ్లు, కంప్రెషన్ దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది: ఏఎండీ64కి రెండు నిమిషాల్లో అయ్యే పని ఆర్మ్64కి ఇరవై దాటినా ఆశ్చర్యం లేదు. పైగా రెండు బిల్డులూ ఒకే సీపీయూ కోసం కొట్టుకుంటాయి. రెండోది ముగిసేదాకా మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఫ్రీ ట్రయల్‌లో ఇది కనబడదు. హలో వరల్డ్ ఇమేజ్ ఎక్కడైనా సెకన్లలో అయిపోతుంది, రెండోసారి నడిపితే అంతా క్యాష్ (ముందటి బిల్డ్ దాచిన ఫలితాలు) నుంచే వస్తుంది. అందుకే మీ సొంత డాకర్‌ఫైల్‌తో (ఇమేజ్ ఎలా కట్టాలో రాసిన ఫైలు), డాకర్ బిల్డ్‌ఎక్స్ బిల్డ్‌కి --నో-క్యాష్, --ప్రోగ్రెస్=ప్లెయిన్ పెట్టి, రెండు ప్లాట్‌ఫామ్‌లకూ విడివిడిగా నడపండి. ఒక్కో స్టెప్పుకి పట్టిన సెకన్లు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. బిల్డ్ లోపల మెషిన్ రకం చెప్పే యూనేమ్ -ఎం కొట్టి నిర్ధారించుకుందామంటే కుదరదు, ఎమ్యులేషన్‌లోనూ ఏఆర్క్64 (ఆర్మ్64కి మరో పేరు) అనే వస్తుంది. బిల్డ్‌ఎక్స్ ఎల్ఎస్ జాబితా కూడా అంతే, ఎమ్యులేట్ చేయగలిగిన ప్లాట్‌ఫామ్‌లూ అందులో ఉంటాయి. లాగ్‌లో "క్యూఎము: అన్‌కాట్ టార్గెట్ సిగ్నల్ 11" అనే వరుస కనబడిందా, ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అమ్మేవాళ్లను ఇలా సూటిగా అడగండి: "ఆర్మ్64 బిల్డ్ ఆర్మ్ సీపీయూ మీదే నడుస్తుందా? క్యాష్ రెండు ఆర్కిటెక్చర్లకూ విడిగా ఉంటుందా?" రెండూ ఒకే క్యాష్ ట్యాగులో రాస్తే ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. ఆ తర్వాత ప్రతి బిల్డూ మొదటి బిల్డే.

ఇప్పటికే ఏడాది చందా కట్టేశారా? గో, రస్ట్ ప్రాజెక్టులైతే కంపైల్ స్టేజ్‌ని ఫ్రమ్ --ప్లాట్‌ఫామ్=$బిల్డ్‌ప్లాట్‌ఫామ్‌తో మొదలుపెట్టి క్రాస్ కంపైల్ చేయండి (అంటే ఎక్స్86 మెషిన్ మీదే ఆర్మ్ బైనరీ తయారుచేయండి), బరువైన పనికి ఎమ్యులేషన్ అవసరమే ఉండదు. ఇందులో ఒక గొయ్యి ఉంది. ఏ ఆర్కిటెక్చర్‌కి కట్టాలో చెప్పే ఆర్గ్ టార్గెట్‌ఆర్క్ లైను ఆ ఫ్రమ్ కిందే ఉండాలి. పైన రాస్తే స్టేజ్ లోపల విలువ ఖాళీగా ఉంటుంది, గో చప్పుడు చేయకుండా బిల్డ్ మెషిన్ ఆర్కిటెక్చర్‌కే కంపైల్ చేస్తుంది. ఆర్మ్64 పేరున్న ఇమేజ్‌లో ఏఎండీ64 బైనరీ చేరిపోతుంది. ఇమేజ్‌టూల్స్ ఇన్‌స్పెక్ట్ కమాండ్ చూసేది పైనున్న చీటీనే (ఇమేజ్‌కి రాసిన ప్లాట్‌ఫామ్ పేరు), కాబట్టి దానికిది దొరకదు. బైనరీ ఏ ఆర్కిటెక్చర్‌దో చెప్పే ఫైల్ కమాండ్ దాని మీద నడపండి, లేదా నిజమైన ఆర్మ్ మెషిన్ మీద ఒకసారి రన్ చేయండి. తప్పు ఉంటే "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అక్కడికక్కడే వస్తుంది.