4,160 గళ్ల ఆయుష్షు పటం: కొనాలా, ప్రింటు తీయించుకుంటే చాలా?

ప్రాచీన గ్రీకు, రోమన్ తత్వమైన స్టోయిక్ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మే సరుకుల్లో ఈ గోడ పటం ఒకటి. అడ్డంగా ఏడాదికి 52 వారాల గళ్లు, నిలువునా 80 ఏళ్ల వరసలు. వారం గడిచిందంటే ఒక గడి నింపాలి, అంతే పని.

ముందు సైజు చూసుకోండి. ఏ3 కాగితంలో పైన శీర్షిక పోను గడి నాలుగున్నర మిల్లీమీటర్లకు మించదు, పెన్ను పక్క గడిలోకి జారుతుంది. ఏ2లో ఆరు మిల్లీమీటర్లు హాయిగా వస్తుంది. నున్నగా మెరిసే కాగితం వద్దే వద్దు. దానిమీద జెల్ ఇంకు త్వరగా ఆరదు. 35 ఏళ్లవాళ్లకు మొదటిరోజే 1,820 గళ్ల బాకీ ఉంటుంది కాబట్టి నాలుగు వరసలు దాటకముందే అరచేయి నలుపు, పటం మరకలు. గడిచిపోయిన ఏళ్లకు స్కేలు పెట్టి వరసకో గీత కొట్టేస్తే సరి. ల్యామినేషన్ చేయిస్తే మామూలు పెన్ను పట్టదు. సున్నం గోడకు డబుల్ సైడ్ టేపు నిలవదు, పొడితో సహా ఊడొస్తుంది.

లెక్కలో ఒక మెలిక ఉంది. ఏడాదంటే 52 వారాల పైన ఒక రోజు, లీపు ఏడాదైతే రెండు. వారాలు ఆపకుండా నింపుకుంటూ పోతే 40వ పుట్టినరోజుకు పటం ఏడు గళ్లు ముందుకెళ్లిపోతుంది. ప్రతి పుట్టినరోజుకూ కొత్త వరస మొదలుపెట్టి, చివరి గడికి ఎనిమిదో తొమ్మిదో రోజులు ఇచ్చేయాలి. ఈ ముక్క పటంమీద ఎక్కడా ఉండదు. దానికి బదులు స్టోయిక్ తత్వవేత్త అయిన రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ బొమ్మ, కింద ఆయన మాటన్నట్టు 'మెమెంటో మోరి' (చావు తప్పదని గుర్తుంచుకో) ఉంటాయి. అది లాటిన్, ఆయన రాసుకున్నది గ్రీకులో!

అసలు లోపం ఖాళీ గళ్లది. బ్యాంకులో నిల్వలా ఊరిస్తాయి. బతుకుతో ఏ రోజు లెక్క ఆ రోజే తేల్చుకోమన్నాడు రోమన్ స్టోయిక్ సెనెకా. ఆరీలియస్ సంగతే చూడండి: పుట్టింది క్రీ.శ. 121 ఏప్రిల్ 26న, పోయింది 180 మార్చి 17న. ఈ పటంలో 58 వరసలు నిండి, 59వ వరసలో 47వ గడి దగ్గర ఆగిపోతాడు. కింద 21 వరసలు ఖాళీ. ఈలోగా మహమ్మారి, డాన్యూబ్ నది ఒడ్డున యుద్ధాలు, కన్నబిడ్డల్లో ఎక్కువమంది తనకంటే ముందే పోవడం. అయినా రాజ్యం పని ఆపలేదు.

అందుకని కింది వరసలన్నీ తెల్లకాగితంతో మూసి రెండు క్లిప్పులు పెట్టండి. ప్రతి పుట్టినరోజుకూ ఆ కాగితాన్ని ఒక వరస కిందికి దింపండి. మంచి వారం, చెడ్డ వారం అని రంగులు వేయొద్దు. మన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో ముందు విడదీయమన్నాడు మరో స్టోయిక్ గురువు ఎపిక్టెటస్. చేతిలో ఉన్న పని చేసిన వారానికి గడిలో ఒక చుక్క చాలు.

ఇంతకీ డబ్బు పోసి కొనక్కర్లేదు. ఎక్సెల్‌లో గళ్లు గీసి మెరవని ఏ2 మ్యాట్ కాగితంమీద ప్రింటు తీయించండి. ఇంట్లో పెద్దవాళ్లో, జబ్బుతో ఉన్నవాళ్లో ఉంటే హాల్లో తగిలించకండి. బీరువా తలుపు లోపలివైపు అంటించుకోవచ్చు.