శ్రీముఖలింగంలో సోమేశ్వరాలయాన్ని దాటిపోకండి

శ్రీకాకుళం నుంచి సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, వంశధార ఎడమ గట్టున ఉన్న శ్రీముఖలింగానికి వచ్చేవారిలో చాలామంది మధుకేశ్వరస్వామిని, వారాహి అమ్మవారిని దర్శించుకొని తిరుగుముఖం పడతారు. భక్తికి అది చాలు. శిల్పం చూడాలనుకునేవారు మాత్రం ఊరి మొదట్లోనే దారి పక్కన ఒంటరిగా నిలిచిన సోమేశ్వరాలయం వద్ద ముందుగా ఆగాలని నా సలహా.

ఈ గుడికి ముందు మండపం (జగమోహనం) లేదు. అందువల్ల, మరోచోట జగమోహనం చాటున సగం మరుగుపడే శిఖరం ఇక్కడ పాదం నుంచి పైదాకా ఒక్క చూపులో అందుతుంది. కళింగ శిల్పులు రేఖా దేవళాన్ని, అంటే వంపు తిరిగిన ఎత్తైన శిఖరం గల గుడిని, ఎలా నిలువుగా లేపి, పైకి పోయేకొద్దీ ఎలా లోపలికి వంచారో గ్రహించడానికి మన జిల్లాలో ఇంతకు మించిన చోటు లేదు. ద్వారబంధంపై చెక్కిన తీగల అల్లికనూ, గోడల గూళ్లలోని దేవతామూర్తులనూ ఏటవాలు ఎండ పడే ఉదయం వేళ చూడడం మేలు, ఎందుకంటే నడినెత్తి ఎండలో ఆ లోతులన్నీ చదునుగా కనిపిస్తాయి.

మధుకేశ్వరాలయం వైభవం వేరు. విశాలమైన ప్రాకారం, మూలల్లో చిన్న గుళ్లు, దీర్ఘచతురస్రాకారపు జగమోహనం చూస్తే భువనేశ్వర్‌లోని 7వ శతాబ్దపు పరశురామేశ్వరాలయం గుర్తుకు వస్తుంది. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఇక్కడి ద్వారశిల్పమే: మెలికలు తిరిగే లతల నడుమ ఇమిడిన చిన్న చిన్న బొమ్మలను బంగారు పనివాని నగిషీ అన్నంత సన్నగా చెక్కారు. గర్భగుడిలో లింగం వెనుకనున్న పెద్ద మట్టి గోలేన్ని, దాని చుట్టూ అల్లుకున్న కుమ్మరి కథను అర్చకులను అడిగి తెలుసుకోవచ్చు. గోడలమీదా స్తంభాలమీదా ఉన్న సంస్కృత, తెలుగు శాసనాల్లో అఖండదీపాలకు చేసిన దానాల ప్రస్తావనలే ఎక్కువ. కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని పలువురు చరిత్రకారులు భావిస్తారు. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడు తరువాతి కాలంలో రాజధానిని కటకానికి (నేటి ఒడిశాలోని కటక్‌కు) మార్చాడు. పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకున్నదీ ఆయనే.

మూడవదైన భీమేశ్వరాలయంలో శిల్పం తక్కువ, శైథిల్యం ఎక్కువ. తొందర ఉంటే దీన్ని వదిలిపెట్టినా పెద్ద లోటు లేదు.

మహాశివరాత్రికీ, ఆ తరువాత వంశధారలో జరిగే చక్రతీర్థస్నానానికీ జనం విపరీతంగా వస్తారు. ఉత్సవం చూడాలంటే అప్పుడే రావాలి కాని, ద్వారబంధాల ముందు నిలబడి చూసే వీలు ఆ రోజుల్లో దొరకదు. శిల్పాల కోసం వచ్చేవారు పండుగలు లేని సాధారణ దినాన, సోమవారాన్ని కూడా తప్పించి, కనీసం సగం పూట కేటాయించుకొని రావాలి.